సూది కదలని చప్పుడు

మరదల్ని లోపలికి పంపించి పాముచెవులాయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గానీ కుదురెక్కడ? లేచి నీళ్లు తాగాడు, గోడకున్న బోర్డు చదివాడు, మళ్లీ కూర్చున్నాడు. బోర్డు మీద మానసిక ఆరోగ్య విభాగం అని రాసి ఉంది. తెలిసినవాళ్లెవరైనా తగిలితే కళ్లు చూపించుకోవడానికి వచ్చామని చెప్పాలని మరదలు కారులోనే ఒట్టు పెట్టించుకుంది. కళ్ల విభాగం పై అంతస్తులోనే ఉంది, అబద్ధం అతకడానికి అదొక సౌకర్యం.

ఆయన రేడియో స్టేషన్లో సౌండు ఇంజనీరు. చదివేవాళ్లు గాజు గోడకి అవతల మైకు ముందు కూర్చుంటే, ఈయన ఇవతల చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మీటర్లో సూది చూసుకుంటూ మీటలు పైకీ కిందకీ జరుపుతుంటాడు. పక్కగదిలో ఫ్యాను బేరింగు అరిగిందని ఈ గదిలోంచి చెప్పగలడు. అందుకే స్టేషన్లో ఆయనకి ఆ పేరు. ఇంట్లో భార్య మాత్రం ఒప్పుకోదు. పిలిస్తే పలకని చెవులు పాముచెవులెలా అవుతాయని ఆవిడ వాదన. ఆ మాటలో ఎంత నిజముందో ఈ కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఆ భార్యకి చెల్లెలే ఈ మరదలు. అదే స్టేషన్లో పగలు పన్నెండున్నర వార్తలు చదువుతుంది. ఉద్యోగ ప్రకటన చూపించింది బావే, గొంతు పరీక్షకి తయారు చేసింది బావే. ఇక బావామరదళ్ల సంగతి చెప్పేదేముంది, నోరు విప్పితే ఎకసెక్కాలే. కరెంటు పోయినా ఫరవాలేదు, మా బావ బట్టతల ఉందనేది ఆ పిల్ల. ఆ పిల్ల ఒకసారి వాతావరణం చదువుతూ తుమ్మితే, ఈయన వారం రోజులు స్టూడియోకి గొడుగు పట్టుకుని వెళ్లాడు. ఇద్దరూ ఒకచోట చేరితే ఇల్లంతా నవ్వులే. ఇప్పుడు పది నెలలుగా ఆ నవ్వుల్లేవు.

ఎందుకంటే ఆ పిల్లకి కడుపునొప్పి పట్టుకుంది. పదకొండు గంటలయ్యేసరికి కడుపులో మెలిపెట్టడం మొదలయ్యేది. వార్తలకి ముందు మూడుసార్లు బాత్రూమ్‌కి పరుగు. ప్రసారం మొదలైందని ఎర్రలైటు వెలిగేసరికి మొహం పాలిపోయి, ఎడమచెయ్యి పొట్ట మీద అదిమిపెట్టుకుని చదివేది. రక్తపరీక్షలు, స్కానింగులు, గొట్టం వేసి చూడటాలు, అన్నీ అయ్యాయి. రిపోర్టులు బాగున్నాయి, మనిషే బాగాలేదు. చివరికి కడుపు డాక్టరు, పేగులకీ మెదడుకీ మధ్య కబుర్లు సరిగా నడవడం లేదనీ, సైకాలజిస్టుకి చూపించమనీ చీటీ రాశాడు. దాంతో ఇంట్లో పెద్ద రభస. కడుపునొప్పికి తలకి వైద్యమేమిటని అక్కకి కోపం. అంటే నేను నటిస్తున్నాననా అని చెల్లెలికి ఏడుపు. ఈ గోలంతటి మధ్యా కిమ్మనకుండా కారు తాళాలు తీసింది బావే.

ఇంతలో ఆ పిల్ల ఇంకో పని చేసింది. మైకు వదిలేస్తాను, పాత రికార్డులు భద్రం చేసే గదిలోకి మార్చండని డైరెక్టరుకి ఉత్తరం రాసిచ్చింది. ఆయన వచ్చే నెలాఖరు దాకా చూసి సంతకం పెడతానన్నాడు. రికార్డుల గది అంటే కిటికీల్లేని గది, అక్కడికెళ్లినవాళ్ల గొంతు మళ్లీ ఎవరూ వినరు. ఆ ఉత్తరం సంగతి విన్న రోజున బావకి అన్నం సహించలేదు.

మొదటి సిట్టింగు గంటన్నర పట్టింది. తిరిగొస్తూ మరదలు కొంచెం కొంచెంగా చెప్పింది. సైకాలజిస్టు యాభై ఏళ్ల మనిషట, కళ్లజోడు తాడుకి కట్టి మెళ్లో వేసుకుందట. రిపోర్టులన్నీ చదివి పెట్టుకుని కూడా మళ్లీ అడిగిందట. బరువు తగ్గావా, రక్తం పడుతోందా, నొప్పి నిద్రలోంచి లేపుతోందా, ఇంట్లో ఎవరికైనా పేగుల జబ్బుందా అని. ఇవన్నీ కడుపు డాక్టరు అడిగాడు కదా అంటే, నా వంతు నేనూ అడగాలి, ఒంటి సంగతి తేల్చుకోకుండా మనసు మీదికి తోసేయడం తప్పు అందట. తరవాత టిక్కులు పెట్టే కాగితాలు మూడు. దిగులుగా ఉంటోందా, భయమేస్తోందా, ఏమేం తినడం మానేశావు, ఏ పనులు తప్పించుకుంటున్నావు. ఆ పైన ఒక తెల్లకాగితం మీద పొడుగ్గా గీత గీసి, పుట్టినప్పటినుంచీ కడుపుకి జరిగినవన్నీ గీతకి పైన, మనిషికి జరిగినవన్నీ గీతకి కింద రాయించిందట.

"నొప్పి నిజమేనంది బావా. అదే ముందు చెప్పింది," అంది మరదలు.

కిందటేడు దగ్గర ఏం రాశావని అడిగాడు బావ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. గీతకి పైన జ్వరం, విరేచనాలు, వారం రోజులు మంచాన పడటం అని రాసిందట. కింద? కింద ఏమీ రాయలేదంది. అలా అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కింద రాయాల్సింది ఒకటుందని ఆయనకి తెలుసు. తెలిసీ గేరు మార్చి కారు పోనిచ్చాడు.

ఇక్కడ ఆ స్టేషన్లో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. ఏటా స్టేషన్ పుట్టినరోజున సిబ్బందంతా హాల్లో చేరి, టీ తాగుతూ తప్పుల టేపు వింటారు. ఏడాది పొడుగునా రికార్డింగుల్లో దొర్లిన తుమ్ములు, దగ్గులు, కుర్చీ కిర్రులు, మైకు ఆగిందనుకుని తిట్టుకున్న తిట్లు, అన్నీ ఏరి కూర్చేది పాముచెవులాయనే. డైరెక్టరుగారి ఆవులింత సహా ఎవర్నీ వదలడు. కిందటేడు టేపు చివర ఒక మంచి మెరుపు కావాలనిపించింది. సరిగ్గా అప్పుడే, జ్వరం తగ్గి మరదలు డ్యూటీకొచ్చిన మొదటిరోజున, మైకులో గొంతు లెవెల్ చూడటానికి నాలుగు ముక్కలు చదవమంటే, ఆ పిల్ల కడుపులో గుర్రుమంది. చాలా చిన్నగా. మీటర్లో సూది కదలను కూడా లేదు. ప్రసారం ఇంకా మొదలవలేదు కాబట్టి ఆ చప్పుడు ఆ రెండు గదులు దాటి ఎక్కడికీ పోలేదు. విన్నది ఈయనొక్కడే.

విని ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే ఆ పేరెందుకొస్తుంది! ఆ గుర్రుని తీసి గోరంతను కొండంత చేశాడు. కాస్త మోత కలిపాడు. "వార్తలు, చదువుతున్నది..." అన్న మరదలి గొంతు వెనకాల, పేరు రావాల్సిన చోట దాన్ని అతికించాడు. హాలు హాలంతా కడుపుబ్బ నవ్వింది. డైరెక్టరు కళ్లు తుడుచుకున్నాడు. ఇంకోసారి, ఇంకోసారి అని మూడుసార్లు వేయించుకున్నారు. ఒంట్లో నలతగా ఉందని మరదలు అప్పటికే ఇంటికెళ్లిపోయిందనుకున్నాడు ఆయన. మూడోసారి వేస్తూ తల తిప్పి చూస్తే, హాలు వెనక తలుపు ఊగుతోంది. ఎవరో అప్పుడే బయటికెళ్లారు. ఎవరా అని వెళ్లి చూడలేదు. ఇవతల చప్పట్లు కొడుతున్నారు మరి.

మర్నాటినుంచీ ఆ పిల్ల ఎకసెక్కాలు మానేసింది. వారం తిరక్కుండా కడుపునొప్పి మొదలైంది. టేపు విన్నావా అని అడగడానికి ఆయనకి మొహం చెల్లలేదు. ఒకవేళ వినకపోయుంటే, అడిగి నేనే చెప్పినట్టవుతుంది కదా అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. తప్పు దాచుకోవాల్సొస్తే మనిషికి ఎక్కడలేని తెలివీ పుట్టుకొస్తుంది, ఏం చెప్పమంటారు! నోరు విప్పడం తప్ప అన్నీ చేశాడు. ఆస్పత్రులకి తిప్పాడు, డ్యూటీలు సర్దాడు, గొట్టం వేసిన రోజున పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. అందరూ బావంటే ఇలా ఉండాలన్నారు. అన్నప్పుడల్లా ఆయనకి లోపల చచ్చినంత పనయ్యేది.

రెండో సిట్టింగు నుంచి మరదలు ఒక డైరీ పట్టుకొచ్చింది. ఎప్పుడు, ఏం తిన్నావు, నొప్పి పదికి ఎంత, ఆ సమయంలో ఏం చేస్తున్నావు, దానికి కాస్త ముందు మనసులో ఏం తట్టింది. ఇలా ఐదు గళ్లు. మొదటి నాలుగూ టకటకా నింపేది. ఐదో గడి దగ్గర కలం ఆగిపోయేది. ఒకరోజు భోజనాల బల్ల మీద తెరిచి వదిలేస్తే ఆయన కంట పడింది. ఐదో గడిలో వరసగా ఏడు రోజులూ ఒకే మాట: వినపడుతుందేమో.

మూడో వారం సైకాలజిస్టు బావని పిలిచింది. అదీ ఈ పరీక్షలో భాగమేనట, రోజూ దగ్గరగా చూసేవాళ్లతో మాట్లాడటం. పడుకోబెట్టి మాట్లాడించే సోఫా ఏదో ఉంటుందనుకుని వెళ్లాడు. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ గడియారం, అంతే.

"ముందొక మాట," అంది సైకాలజిస్టు. "మీతో మాట్లాడటానికి మీ మరదలు ఒప్పుకుని సంతకం పెట్టారు. మీరు చెప్పింది ఆమె దగ్గర నేను దాచను. దాచమని అడక్కండి."

అడగనన్నాడు. ఆవిడ చాలా అడిగింది. నొప్పి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరేం చేస్తారు, ఎవరు విసుక్కుంటారు, ఎవరు జాలిపడతారు, డ్యూటీ తప్పిస్తే నొప్పి తగ్గుతుందా, సెలవు రోజున పన్నెండున్నరకి ఎలా ఉంటుంది. ఈయన బుద్ధిగా జవాబులు చెప్పాడు. తన గురించి ఏమీ అడగడం లేదని కాస్త ఊపిరి పీల్చుకున్నాడు కూడా. అప్పుడు ఆవిడ కాగితం పక్కన పెట్టింది.

"ఇంకో ప్రశ్న. ఇది నాది కాదు, ఆమెదే. మిమ్మల్నడగడానికి సిగ్గేసి నన్నడగమన్నారు. వార్తలు చదివేటప్పుడు కడుపులో చప్పుడైతే, రేడియో వినేవాళ్లకి వినపడుతుందా?"

ఆయన గోడ గడియారం వంక చూశాడు. వినపడదండీ అన్నాడు. ఒక్కసారైనా వినపడలేదా అని ఆవిడ రెట్టించింది. ప్రసారంలో ఎప్పుడూ లేదండీ అన్నాడు. మాట నిజమే. మింగాల్సిన సంగతి మింగేసి, మిగిలిన ముక్కని నిజం అని పేరుపెట్టి ఇచ్చాడు.

"వినపడిందనే ఆమె నమ్ముతున్నారు. ఊరూవాడా విన్నదని. ఎందుకలా నమ్ముతున్నారో ఇంకా చెప్పలేదు. కడుపు ఖాళీగా ఉంటే చప్పుడు రాదని పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వస్తున్నారు. ఖాళీ కడుపే ఎక్కువ చప్పుడు చేస్తుంది. చప్పుడైతే భయం, భయంతో మెలి. ఆ మెలికి జడిసి మర్నాడు ఇంకా తినరు."

మెట్లు దిగుతుంటే ఆయనకి సంగతంతా అర్థమైంది. అంటే ఆ ఊగిన తలుపు ఆ పిల్లే. ఈయన సరదాకి వార్తల మొదటి వాక్యానికి అతికించాడు కదా, అది నిజంగా వార్తల్లోనే పోయిందనుకుంది. ఊరంతా విన్నాక స్టేషన్ వాళ్లు కూడా విని నవ్వుకుంటున్నారనుకుంది. పదకొండు నెలలుగా ఆ నవ్వు ముందు కూర్చుని వార్తలు చదువుతోంది.

ఆ సాయంత్రమే ఇంటికెళ్లి చెప్పేస్తే సరిపోయేది. మన పాముచెవులాయన చెప్పలేదు. దానికన్నా పెద్ద ఉపాయం తట్టింది. ప్రసారమైన ప్రతి బులెటినూ స్టేషన్లో ఏడాదిన్నర పాటు దాస్తారు. అవన్నీ విని, ఒక్కదాంట్లో కూడా కడుపు చప్పుడు లేదని రాసి ఇస్తే? సాక్ష్యం చూపిస్తే భయం పోతుంది, తను నోరు విప్పక్కర్లేదు. రెండు వారాలు భోజనం వేళల్లో, రాత్రుళ్లు, సెలవు రోజుల్లో కూర్చుని విన్నాడు. పదమూడు నెలల బులెటిన్లు, ఒక్కోటి పది నిమిషాలు. తేదీ వేసి, పక్కన కడుపు చప్పుడు లేదు, లేదు, లేదు అని రాసుకుంటూ పోయాడు. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, దాని పక్కన ఇంకో గడి గీసి, వాక్యం మధ్యలో ఎన్నిసార్లు ఊపిరి తెగిందో కూడా రాశాడు.

ఆ కాగితాలు పట్టుకుని ఒక్కడే మళ్లీ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తుంటే, అన్ని నెలల్లో మొదటిసారి ఈల వేయబుద్ధయింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి గడి చూసి చాలా సంతోషించింది. ఇంత ఓపిక ఎవరికుంటుందండీ అంది. తరవాత రెండో గడి మీదికి చూపు మళ్లింది. పెన్సిలు పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చి, ఒకచోట ఆపింది.

"ఈ రోజు దాకా బులెటిన్‌కి రెండు, మూడు. మర్నాటినుంచీ పదహారు, పద్దెనిమిది, ఇరవై. మళ్లీ ఎప్పుడూ తగ్గలేదు." తలెత్తి చూసింది. "ఈ రోజు ఏం జరిగింది?"

అది స్టేషన్ పుట్టినరోజు. తన చేత్తో తనే గళ్లు గీసి, తన చెవులతో తనే విని, ఎవరూ అడక్కుండానే తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. ఇంకెక్కడికి పోతాడు? మొత్తం చెప్పాడు. గుర్రు, మోత, అతుకు, మూడుసార్లు వేయడం, ఊగిన తలుపు. ఆవిడ ఒక్క మాట అడ్డం రాలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

అయితే ఇదంతా నా వల్లేనా అని అడిగాడు. ఒక్కదానివల్ల ఇంత రాదంది ఆవిడ. జ్వరంతో, విరేచనాలతో ఆమె పేగులు అప్పటికే చికాకుపడి ఉన్నాయి, అలాంటప్పుడు చిన్న కదలిక కూడా మెదడుకి పెద్దగా అందుతుంది, ఆ టేపు దానికి భయం నేర్పింది అని నెమ్మదిగా వివరించింది. ఈయన తల వంచుకుని విన్నాడు. గోరంతను కొండంత చేయడం ఎలాగో ఆయనకి వేరే చెప్పాలా!

"ఆమె మంగళవారం వస్తారు," అంది ఆవిడ. "అప్పటికి మీరు చెప్పకపోతే నేనే ఈ కాగితం ముందు పెట్టాలి. మీ నోటితో వింటే ఆమెకి మంచిది."

సోమవారం పదిన్నరకి మరదల్ని కంట్రోల్ రూమ్‌లోకి రమ్మన్నాడు. ఇంకెవరూ లేరు. హెడ్‌ఫోన్లు ఇచ్చి, దాచిపెట్టుకున్న అసలు ముక్క వేశాడు, ఏమీ పెంచకుండా, ప్రసారంలో ఎంత లెవెల్లో పోతుందో అంతే లెవెల్లో. ఏముంది, కాగితాల చప్పుడే కదా అంది మరదలు. అప్పుడు చెప్పాడు. ఆ రోజు హాల్లో నువ్వు విన్నది ఇదే. పెంచింది నేను, అతికించింది నేను. ఇది లెవెల్ చూసేటప్పటిది, ప్రసారంలోకి పోలేదు, ఒక్కసారి కూడా పోలేదు.

ఆ పిల్ల చెయ్యి చాపి, మీట తనే వెనక్కి తిప్పుకుని మళ్లీ విన్నది. మూడోసారి కళ్లు సూది మీద పెట్టి విన్నది. సూది కదల్లేదు. హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"తలుపు ఊగడం చూశావా?"

"చూశాను."

"నేనని తెలుసా?"

"అనుకున్నాను."

"ఒక్క ముక్క బావా," అంది. గొంతు పెంచలేదు. "నన్ను చూసి నవ్వారని కాదు. మన ఇంట్లో నవ్వుకోనిదెప్పుడు? అది బయటికి పోలేదని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. గొట్టం వేసినప్పుడు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. అప్పుడు కూడా చెప్పలేదు."

ఆయనకి క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. పదకొండు నెలలు పక్కనే కూర్చుని ఆ పిల్ల నొప్పి విన్నాడు, ఊపిరి తెగడం విన్నాడు, అన్నీ విన్నాడు. ఇంట్లో ఆవిడ అన్నమాట నిజమే, ఇవేం చెవులు!

మంగళవారం మరదలు ఒక్కతే వెళ్లింది, ఆటోలో. ఆ గీత కింద ఖాళీగా వదిలిన చోట తనే రాసి వచ్చిందట. పరీక్ష ఇక్కడికి అయింది, వైద్యం ఇప్పుడు మొదలని సైకాలజిస్టు చెప్పిందట. కడుపు డాక్టరుతో కూడా మాట్లాడతానందట. పొద్దున్నే ఏదో ఒకటి తినడం, ఊపిరి సర్దుకోవడం, చప్పుడైనా లేవకుండా కూర్చోవడం, ఇలా ఇంకా పది సిట్టింగులు. ఇదంతా ఆయనకి చెప్పింది భార్య. అదీ నాలుగు రోజులు ఆయనతో మాటలు మానేశాక, అయిదో రోజున, మొహం అటు తిప్పుకుని. ఉత్తరం మీద సంతకం ఇంకో మూడు నెలలు ఆపమని చెల్లెలు డైరెక్టరుని అడిగిందని కూడా ఆవిడే చెప్పింది. ఈ ఏడు తప్పుల టేపు చేయనని ఈయన డైరెక్టరుకి చెప్పేశాడు. ఎందుకని అడిగితే, ఒకరి తప్పులు ఏరడానికి నాకు అర్హత లేదన్నాడు. డైరెక్టరు అది జోకనుకుని నవ్వాడు.

నెలాఖరు రోజున మరదలు స్టూడియోలోకి అరటిపండు తింటూ వచ్చింది. తొక్క కాగితంలో చుట్టి పక్కన పెట్టి, మైకు ముందు కూర్చుంది. మొహం ఇంకా పాలిపోయే ఉంది, ఎడమచెయ్యి పొట్ట మీదే ఉంది. బాత్రూమ్‌కి ఒకసారే వెళ్లొచ్చిందని ఈయన చెవికి తెలుసు. లెవెల్ కోసం నాలుగు ముక్కలు చదవమన్నాడు. మూడో ముక్క దగ్గర, ఆ పిల్ల కడుపులో గుర్రుమంది.

చదవడం ఆపింది. గాజులోంచి సూటిగా ఆయన్నే చూసింది. ఈయన మీటల మీంచి చేతులు తీసేశాడు.

"వినపడిందా?"

"సూది కదల్లేదు," అన్నాడు మాట్లాడే మీట నొక్కి.

"సూదినడగలేదు."

"వినపడింది. నాకొక్కడికే."

గడియారంలో ఇరవై సెకన్లు మిగిలాయి. ఆ పిల్ల లేవలేదు.

"నవ్వొచ్చిందా బావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు, ఆ పిల్లకి కనపడేలాగా రెండుసార్లు ఊపాడు. ఎర్రలైటు వెలిగింది. ఆ పిల్ల కాగితం సర్దుకుని, పొట్ట మీది చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది.

"వార్తలు, చదువుతున్నది..." అంది. అన్నాక, ఆ చోట, తన పేరు చెప్పుకుంది.